నదిలో ట్యాంకరు, సంచిలో తాళంచెవులు

ఎండిన నేల మీద వాన చుక్క రాల్చేవాడు, ఆ చుక్కల్ని కలిపి మా తుంగభద్రలో పారించేవాడు, ఆ ఏటి మధ్య ఇనుప మూత కింద ఇరుక్కున్నవాడి కేక కూడా వినేవాడు అయిన దేవునికి ముందుగా స్తోత్రం. కర్నూలు, కడప ఎండల్లో ఒక జీవితకాలం ఖాకీ తొడుక్కుని తిరిగిన నన్ను కాళ్లూ కళ్లూ మతీ చెడకుండా ఇంటికి చేర్చినందుకు ఆయనకు మహిమ. పై అధికారుల చేతుల్లోంచి కాపాడినందుకు ఇంకొంచెం ఎక్కువ మహిమ.

మా క్రైస్తవ సంఘాల పిల్లలు కొందరు ఈ ఏడు ఎస్.ఐ.లుగా ఎంపికయ్యారు. శిక్షణకు పోయే ముందు ప్రార్థన చేయించుకుందామని మా ఇంటికి వచ్చి, "ఉద్యోగం ఎట్లుంటాది అంకుల్?" అని అడిగారు. ఆ రోజు టీ ఇచ్చి పంపాను. జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ఏ ఊళ్లో ఎన్నేళ్లు చేశానో, ఏ పతకం ఎందుకు ఇచ్చారో రాయను. నా బదిలీల చరిత్ర మీద ఆసక్తి ఉన్న మనిషి లోకంలో నా భార్య ఒక్కతే. ప్రతిసారీ సామాన్లు కట్టింది ఆమె కనుక. సెక్షన్లు మీకు శిక్షణలో నేర్పుతారు. అక్కడ నేర్పనిది ఒకటి చెబుతాను. మా జిల్లాలో ఒక పెద్దమనిషి సొంతంగా సబ్‌మెరైన్ చేయించాడు. అవును, ఈ జిల్లాలోనే. వేసవిలో బిందెడు నీళ్ల కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకునే చోట, నీళ్లలో మునిగే బండి. ఆ ఒక్క కేసు నాకు నేర్పినంత ఏ అధికారీ నేర్పలేదు.

నల్ల సంచి

ముందు మా నాన్న గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన కోడుమూరు దగ్గర ఒక పల్లెలో ఉపదేశి. పాస్టరు అయ్యగారు నెలకోసారి వచ్చేవారు; మిగతా ఆదివారాలన్నీ మా నాన్నే వాక్యం చెప్పేవాడు, గంట కొట్టేవాడు, గుడి ఊడ్చేవాడు, కానుక సంచి పట్టేవాడు. ఆ సంచి నల్ల గుడ్డది, మోచేయి లోతు ఉంటుంది, కట్టె పిడికి కుట్టి ఉంటుంది. చేయి మూసి లోపల పెట్టాలి, లోపలే తెరవాలి, మళ్లీ మూసి తీయాలి. పళ్లెం అయితే నాలుగు వైపుల నుంచీ చూపులు పడతాయి. సంచిలో అయితే పెట్టినవాడూ పెట్టనివాడూ బయటికి ఒకేలా కనిపిస్తారు.

"అట్లయితే కొందరు ఉత్త చెయ్యి పెట్టరా నాయనా?" అని ఒకసారి అడిగాను.

"పెడతారు. పెట్టనీ. ఇచ్చేటోడు సిగ్గు పడకుండా ఇచ్చే చోటు ఒకటి ఉండాల, ఇయ్యలేనోడు సిగ్గు పడకుండా పోయే చోటు కూడా అదే కావాల" అన్నాడు.

పోలీసు ఉద్యోగానికి పనికొచ్చిన నా చదువులో సగం అదే.

మిగతా సగం కడపలో ఒక పాత సి.ఐ. దగ్గర నేర్చుకున్నాను. నేను కొత్త ఎస్.ఐ.ని. మోటారు దొంగిలించబోయి ఒకడు పాడుబావిలో పడ్డాడు. గట్టు చుట్టూ ఊరంతా చేరి తిడుతోంది. నేను పైనుంచి అరుస్తున్నాను: "పేరు చెప్పరా! తండ్రి పేరు చెప్పరా!" ఆ పెద్దాయన జీపు దిగి, నన్ను పక్కకు జరిపి, తాడుకు చెంబు కట్టి ముందు టీ దించాడు. "మనిషిని పైకి తీసినాక కేసు రాసుకోవచ్చప్పా. కేసు రాసినాక మనిషిని తీయడం కష్టం" అన్నాడు. ఆయనకు పదోన్నతి రాలేదు. అది మీకు ముందే చెప్పడం మంచిది.

పైపు మాట్లాడింది

ఆ రోజు ఆదివారం. మా సంఘంలో కోత పండుగ. కొత్త పంటలో మొదటి భాగం గుడికి తెచ్చి, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసే రోజు. నేను అప్పుడు నది ఒడ్డున ఉన్న సర్కిల్‌కు సి.ఐ.ని. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని, గుమ్మడికాయ చంకన పెట్టుకుని బయలుదేరబోతుంటే స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. ఏట్లో పుచ్చ తోట పెట్టుకున్న రైతు స్టేషన్‌కు పరుగెత్తుకొచ్చాడట.

"ఏమంటాడు?"

"నీళ్లలో పైపు ఒకటి నిలబడి మాట్లాడుతాండాదంట సార్."

"తాగినాడా?"

"వాసన చూసినాం సార్. తాగలే."

గుమ్మడికాయను భార్యకు ఇచ్చి, చొక్కా మార్చుకుని పోయాను. తుంగభద్ర ఆ కాలంలో సగం ఇసుక, సగం నీళ్లు. మధ్య పాయలో నల్లగా గేదె వీపులాంటిది తేలి ఉంది. దాని మీద ఇనుప మూత. మూత పక్కన నిలువెత్తు ప్లాస్టిక్ పైపు. మోకాళ్ల నుంచి నడుము దాకా నీళ్లలో నడిచి దాని దగ్గరికి పోయాను.

"ఎవరప్పా లోపల?"

"నేను సార్, మద్దిలేటిని. ట్యాంకరు తోలే మద్దిలేటిని."

"ఈడ ఏం చేస్తాండావు?"

"పోతాండా సార్" అంది పైపు.

"యాడికి?"

"పోలేక ఆగిపోయినా."

సంగతి ఇది. ఆ రోజుల్లో మన వైపు మందు ధరలు మండిపోతున్నాయి. నది అవతల ఇంకో రాష్ట్రం, అక్కడ చవక. వంతెన మీద చెక్‌పోస్టు. మందు కోసం మనవాళ్లు వేసిన వేషాలు ఇన్నీ అన్నీ కావు. పాల క్యాన్లలో తెచ్చారు, శవపేటికలో తెచ్చారు, పెళ్లికూతురు పల్లకిలో తెచ్చారు. మన పెద్దమనిషి అందరికన్నా పెద్దగా ఆలోచించాడు. నీళ్ల ట్యాంకరు ఒకదానికి చక్రాలు తీయించి, నల్ల రంగు పూయించి, రెండు ఒడ్లకూ ఇనుప తాడు కట్టించాడు. అవతలి ట్రాక్టరు వదిలితే ఇవతలి ట్రాక్టరు లాగుతుంది. లోపల ఒక మనిషి కూర్చుని, టాపు తిప్పి అడుగు అరలోకి నీళ్లు వదిలితే ట్యాంకరు మునుగుతుంది. చేతి పంపుతో ఆ నీళ్లు తోడేస్తే తేలుతుంది. ఊపిరికి పైపు. దేశ రక్షణ శాఖకు తెలిస్తే సిగ్గుపడే ఖర్చులో పని అయిపోయింది.

ఆ పొద్దు తెల్లవారకముందు సరుకుతో వస్తుండగా పాయ మధ్యలో తాడు తెగింది. ట్యాంకరు బండకు తగిలి, లోపలి చేతి పంపు విరిగి, బురదలో ముక్కు గుచ్చుకుని కూర్చుంది. ఇవతల ట్రాక్టరు దగ్గరున్నవాళ్లు ట్రాక్టరుతో సహా మాయమయ్యారు.

"మూత తీసుకుని బయటికి రా, మద్దిలేటీ."

"తాళం ఏసి ఉండాది సార్."

"లోపల ఉన్నది నువ్వు. తాళం ఎవరు వేశారు?"

"బయటినుంచి ఏసినారు సార్."

మూత చూశాను. నిజంగానే బయట తాళం ఉంది.

మనవాళ్లు మాత్రమే చేసే పని

దీన్ని శ్రద్ధగా వినండి. తాళం ఎవడో దుర్మార్గంతో వేసింది కాదు. మన సీమలో నీళ్ల ట్యాంకరు మూతకు తాళం వేయడం అన్నం ముందు చేయి కడుక్కోవడంలాంటిది. వేసవిలో ఆగిన ట్యాంకరు మీదికి బకెట్లు ఎక్కుతాయి. అందుకని మూతకు తాళం, ఆ తాళాన్ని గడ్డపారతో పగలగొట్టకుండా దాని చుట్టూ ఇనుప గొట్టం ముక్క వెల్డింగు. గొట్టంలోకి తాళంచెవి తప్ప ఇంకేదీ దూరదు. ట్యాంకరును సబ్‌మెరైన్‌గా మార్చిన మహానుభావులు చక్రాలు తీశారు గానీ అలవాటు తీయలేదు. సరుకంతా లోపలి మనిషికి అప్పగించి, బయటి దొంగలు రాకుండా తాళం వేశారు.

ట్యాంకర్లు చేసే ఖాజా మేస్త్రిని పిలిపించాను. మనిషి గట్టు మీదనే నిలబడి దణ్ణం పెట్టాడు.

"నేను జేసినప్పుడు అది నీళ్ల ట్యాంకరే సార్. మా పిల్లలమీద ఒట్టు."

"ఎవరికి చేశావు?"

"శానా మందికి జేసినా. యాదికి రాలే."

"సరే, మూత గట్టిదేనా?"

"లోపలి నీళ్లు బయటికి రాకుండా శానా గట్టిది సార్. రబ్బరు అట్ల ఏసినా."

"బయటివి లోపలికి పోకుండా?"

ఖాజా మేస్త్రి ఆకాశం వైపు చూశాడు. "అది ఎవురూ అడగలే సార్" అన్నాడు.

అడగరు. మా తాతల కాలం నుంచి ఈ నేల మీద ఎవడూ ఆ ప్రశ్న అడగలేదు. నీళ్లు కారిపోకుండా ఎట్లా అనేదే మా విద్య. నీళ్లు లోపలికి రాకుండా ఎట్లా అనే చదువు మాకు లేదు.

అప్పుడే ఇంకో సంగతి తెలిసింది. పట్నం తాగునీటికని పైనుంచి నీళ్లు వదిలారు. పాయ మెల్లగా పెరుగుతోంది. మూతకూ నీళ్లకూ మధ్య జానెడు ఉంది. మూత మునిగిందంటే రబ్బరు సందుల్లోంచి నీళ్లు దిగి ట్యాంకరు నిండుతుంది, మద్దిలేటితో సహా. గేట్లు మూయమని ఫోను చేస్తే, మూయడానికి ఉత్తర్వు ఇవ్వాల్సిన అధికారి పెళ్లిలో ఉన్నారని, భోంచేస్తున్నారని చెప్పారు.

ట్రాక్టరుతో లాగించాం, ట్యాంకరు కదల్లేదు, కొక్కెం ఊడి వచ్చింది. గ్యాసుతో కోయిద్దామంటే అగ్నిమాపక అధికారి పైపు దగ్గర ముక్కు పెట్టి వెనక్కి దూకాడు. బండకు తగిలినప్పుడు సీసాలు పగిలి లోపలంతా సారా ఆవిరి. "నిప్పురవ్వ పడిందంటే మనిషి మిగలడు సార్. సుత్తి కూడా ముట్టొద్దు."

అంతలో మద్దిలేటి భార్య సుంకమ్మ వచ్చింది. చీర ఎగ్గట్టి నీళ్లలోకి దిగి, మా కానిస్టేబులును తోసేసి, పైపు పట్టుకుంది.

"నీ సబ్మెరీను మీద దుమ్ము పొయ్య! తిరుపతికి లోడు పోతాండా అని చెప్తివే!"

"దుడ్లు శానా ఇస్తామన్నారే..."

"ఇచ్చినారు గదా, గోరీ కూడా కట్టిచ్చి ఇచ్చినారు! పొద్దున్నించి ఏమన్నా తిన్యావా?"

"లే."

"నోరు తెరువు. మజ్జిగ పోస్తాండా."

పోసింది. పైపులోంచి దగ్గు వినబడింది, తర్వాత "ఉప్పు ఎయ్యలే" అని. గట్టు మీద జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. నా వైపు తిరిగి, "నీళ్లు పెరుగుతాండాయి సార్. ఏందో ఒకటి చెయ్యండి" అంది. నేను కడప పెద్దాయన చెంబును తలుచుకున్నాను.

లిమిట్స్

మా డి.ఎస్.పి. వచ్చారు. మంచివారే, ఎవరికీ అపకారం చేయరు. ఉపకారం కూడా అంతే జాగ్రత్తగా చేయరు. ఏ శవం గురించి చెప్పినా, ఏ దొంగతనం గురించి చెప్పినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "మన లిమిట్సేనా?"

నది మధ్య గీత రాష్ట్రాల సరిహద్దు. ట్యాంకరు సరిగ్గా ఆ గీత మీద పడినట్టుంది. డి.ఎస్.పి. గారి ముఖం వెలిగింది. వెంటనే సర్వేయరును పిలిపించారు. అవతలి ఒడ్డున అవతలి రాష్ట్రం పోలీసులు కూడా సర్వేయరుతో దిగారు. ఇద్దరు సర్వేయర్లూ నడుము లోతు నీళ్లలో గొలుసులు పట్టుకుని, ఎవరి గొలుసు వాళ్లే కరెక్టని వాదించుకున్నారు. చివరికి మూత మనదని, తోక వాళ్లదని తేలింది.

"సగం వాళ్లదైనప్పుడు వాళ్లు లేకుండా మనం ముట్టుకుంటే ఎట్లా?" అన్నారు డి.ఎస్.పి. గారు.

"లోపలి మనిషి మన సగంలో ఉన్నాడు సార్."

"జరిగి కూర్చోమనండి" అన్నారాయన. పరిహాసానికి కాదు. నిజంగానే అన్నారు.

పిల్లలూ, ఇట్లాంటి అధికారి మీకూ వస్తాడు. ఎదురు మాట్లాడకండి, ఆయన మాట కోసం ఆగనూ ఆగకండి. "సార్, మీరు సర్వే చూస్తుండండి, నేను సాక్షుల్ని విచారించి వస్తా" అని చెప్పి కదలండి. నేను అదే చేశాను. పోయే ముందు పైపు దగ్గర వంగాను.

"మద్దిలేటీ, ఓనరు ఎవరు?"

"చెప్పకపోతే ఈడ సస్తా, చెప్తే ఊర్లో సస్తా సార్. ఈడ సల్లగా ఉండాది."

"పేరు వద్దు. తాళంచెవి యాడుంటాది?"

"ఓనరు కాడ."

"ఓనరు యాడుంటాడు?"

పైపు ఆలోచించింది. "ఆదివారం గదా సార్" అంది. "గుడిలో ఉంటాడు."

కోత పండుగ

మా సంఘంలో ట్యాంకర్లున్న పెద్దమనిషి ఒకరే. దేవదానం గారు. గుడి గోపురానికి సిమెంటు ఆయనదే, మైకు ఆయనదే, ఫ్యాన్ల రెక్కల మీద పేరు ఆయనదే. తిరిగేటప్పుడు మాత్రం కనబడదు. ముందు వరసలో కూర్చుంటారు. ప్రార్థన చేస్తే దీర్ఘంగా చేస్తారు, అందులో తాను చేసిన దానధర్మాలన్నీ దేవునికి వివరంగా గుర్తు చేస్తారు, దేవునికి పనులెక్కువ కనుక.

నేను ఖాకీలో, నడుము దాకా తడిసి గుడిలో అడుగుపెట్టే సరికి ప్రసంగం నడుస్తోంది. దేవుడు తన జనం కోసం సముద్రాన్ని ఆరిన నేలగా చేసిన సంగతి మీద. దేవదానం గారి పక్కకు పోయి చెవిలో చెప్పాను. ఆయన నా తడి ప్యాంటు నుంచి కాస్త జరిగారు.

"బ్రదర్, నాకూ సబ్‌మెరైన్లకూ ఏం సంబంధం? నీ మీద పని భారం ఎక్కువైంది. నీ కోసం ప్రార్థిస్తా."

గట్టిగా అడిగితే ఆయన "సోదా చేసుకో" అంటారు. వారంటు తెచ్చే లోపు తాళంచెవి కాలవలో ఉంటుంది, మద్దిలేటి ఏట్లో ఉంటాడు. వెళ్లి అయ్యగారి చెవిలో నాలుగు మాటలు చెప్పాను. ఆయన మెత్తని మనిషి, కానీ ఆ రోజు పుస్తకం మూసి నాకు మైకు ఇచ్చారు.

"ఏట్లో ఇనుప ట్యాంకరులో ఒక మనిషి ఉన్నాడు. మూతకు బయట తాళం ఉంది. నీళ్లు మూత దాకా వచ్చాయి. తాళంచెవి ఈ గుడిలోనే ఎవరి దగ్గరో ఉంది. ఎవరిదని నేను అడగను. ఈ రోజు అడగను, రేపు అడగను, ఏ రోజూ అడగను. ఈ ప్రభువు బల్ల ముందు నిలబడి మాట ఇస్తున్నాను. ఇప్పుడు కానుక సంచి వస్తుంది. అందరూ పిడికిలి మూసి లోపల పెట్టండి."

సంచి కదిలింది. పాట ఎవరూ ఎత్తలేదు. నేను బల్ల వైపు తిరిగి, వీపు జనానికి పెట్టి నిలబడ్డాను. వెనక ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు. ఒకసారి. మళ్లీ. ఇంకోసారి. సంచి ఆడవాళ్ల వైపు పోయి తిరిగి వచ్చే సరికి పట్టినవాడి చేయి కిందికి వాలింది.

గుడి ముందు జీపులో కుమ్మరించి చూశాను. ఒక తాళంచెవి కోసం అడిగితే దోసెడు పడ్డాయి. చౌక బియ్యం గోడౌనుది, కడుతున్న ఇంటి వెనక రహస్యంగా వేసిన బోరు మోటారు పెట్టెది, భార్యకు తెలియని ఒక బీరువాది. ఏది ఎక్కడిదో తర్వాత ఊరే చెప్పుకుంది. మైకులో "తాళం" అనే మాట వినగానే ఎవరి తాళం వాళ్లకు గుర్తొచ్చిందన్నమాట. వాటి మధ్య ఒక పెద్ద గుత్తి, దానికి కారు తాళంచెవి కూడా.

ఏటికి తిరిగి వచ్చే సరికి నీళ్లు మూత అంచును తాకుతున్నాయి. సుంకమ్మ తన చీర కొంగును మూత చుట్టూ సందుల్లో కుక్కి, రెండు చేతులతో నొక్కి పట్టుకుని ఉంది. ఒక్కో తాళంచెవీ గొట్టంలో దూర్చి తిప్పుతున్నాను.

"మోకాళ్ల పైకొచ్చినాయి సార్" అంది పైపు. ఇంకొకటి తిప్పాను. ఇంకొకటి. "ఇంగ ఎన్ని తాళాలుండాయి సార్ మన ఊర్లో?"

"శానా ఉండాయప్పా. ఓర్చుకో."

గుత్తిలో ఒకటి తిరిగింది. మూత లేచింది. మద్దిలేటి తల బయటికి వచ్చింది, సారా వాసన ముందు వచ్చింది. ఆ మనిషి సూర్యుణ్ని చూసి కళ్లు మూసుకున్నాడు. సుంకమ్మ అతని జుట్టు పట్టుకుని పైకి లాగి, ముందు చెంప మీద ఒకటి కొట్టి, తర్వాత ఏడ్చింది. డి.ఎస్.పి. గారు గట్టు మీద నుంచి "ఎటు వైపు దిగాడు? ఎటు వైపు?" అని అరుస్తున్నారు.

వేలం

మూత తీసిన తాళంచెవి ఒక్కదాన్నీ కేసు సొత్తుగా తీసి పెట్టుకున్నాను. మిగతావి, గుత్తితో సహా, అయ్యగారికి తిరిగి ఇవ్వడానికి పోయాను. మద్దిలేటిని జీపులో కూర్చోబెట్టాను. సుంకమ్మ దిగమన్నా దిగలేదు.

ఆరాధన ఎప్పుడో అయిపోయింది. ఒక్కరూ ఇంటికి పోలేదు. గుడి ముందు దేవదానం గారి కారు నిలబడి ఉంది. పక్కనే ఆయన నిలబడి ఉన్నారు. ఎండగా ఉందని ఎవరో గొడుగు ఇచ్చారు. "కారులో కూర్చోండి అయ్యా" అని ఇంకెవరో అంటే, "గాలికి ఇక్కడే బాగుంది" అన్నారు.

కోత పండుగ సంచిలో పడింది ఏదైనా దేవుని సొత్తు. వెనక్కి ఇవ్వకూడదు, వేలం వేయాలి. ఇది మా సంఘం కట్టుబాటు. వేలం పాడించేది ఏటా దేవదానం గారే. ఆ రోజు సొంత గుత్తి చేతికి వచ్చే సరికి ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. పాడించేవాడు పాట పాడకూడదని ఒక నియమం ఉంది. అది పెట్టిందీ ఆయనే. గుత్తిని అయ్యగారికి ఇచ్చి కిందికి దిగారు.

ముందు చిన్న తాళంచెవులు పోయాయి. ఎవరిది వాళ్లే పాడుకున్నారు, ఎవరూ తమది అనలేదు. "పాత ఇనుము గదా, పిల్లోళ్లు ఆడుకుంటారని" అన్నాడొకడు. "ఊరికే, గుడికి సాయంగా" అన్నాడు గోడౌను ఆయన. గుత్తి పైకి లేచింది.

"నేను పాడతా" అన్నారు దేవదానం గారు. "సంఘం మేలు కోసం."

"నేనూ పాడతా" అంది జీపు దగ్గర నుంచి ఒక గొంతు. సుంకమ్మ. తడి చీర, చేతుల నిండా ఇనుము తుప్పు. "నా మేక."

"అమ్మా, నువ్వు మన సంఘం కాదు కదా" అన్నారాయన.

"దేవుడు మీ ఒక్కరోడేనా సామీ? అయ్యగారూ, ఏందిది, పాడొచ్చా లేదా?"

అయ్యగారు పాడొచ్చన్నారు. దేవదానం గారు మేకకు మించి పాడారు. ఆమె రెండో మేక పెట్టింది. ఆయన ఆవు పెట్టారు. ఆమెకు ఇక ఏమీ లేదని అందరికీ తెలుసు, అయినా "మా ఇల్లు" అంది. మద్దిలేటి జీపులోంచి "ఒసేయ్!" అన్నాడు. "గమ్మునుండు. ఈ గుత్తి లేకపోతే నువ్వు ల్యాకుంటివి" అంది ఆమె.

దేవదానం గారు చుట్టూ చూశారు. ఆయన కారు ఎండలో మెరుస్తోంది. "ఏం కావాలమ్మా నీకు?" అన్నారు నెమ్మదిగా.

"మా పేటకు వేసవంతా పొద్దు పొద్దున ట్యాంకరు నీళ్లు. ప్రతి యాడాదీ. అది పాడు, నేను ఇడుస్తా. ఇంగొగటి." వేలు చూపించింది. "మూతకు తాళం ఉండగూడదు."

ఆయన పాడారు. గుత్తి ఆయనదైంది. గుడి రసీదు రాసి ఇచ్చింది.

కళ్లు మూసుకున్న సాక్షులు

ఇక కోర్టు. ముద్దాయి మద్దిలేటి. రెండో ముద్దాయి గుర్తు తెలియని వ్యక్తి, అనుమానం గుత్తి పాడుకున్న దేవదానం గారి మీద. వేలం చూసిన వాళ్లందర్నీ సాక్షులుగా పెట్టాను. ఒక్కొక్కరూ బోనెక్కి, ప్రమాణం చేసి, ఒకే మాట చెప్పారు: ఆ సమయంలో కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నామని.

"వేలంపాట జరుగుతుంటేనా?" అన్నారు మేజిస్ట్రేటు.

"వేలంలో కూడా ప్రార్థిస్తాం స్వామీ."

వేలంపాటను కళ్లు మూసుకుని పాడే సంఘం ఈ లోకంలో మాది ఒక్కటే అయ్యుంటుంది. ఖాజా మేస్త్రికి ఏ ట్యాంకరు ఎవరికి చేశాడో గుర్తు రాలేదు. మద్దిలేటి, "లోపల శీకటి స్వామీ, ఓనరు మొగం కనపడలే" అన్నాడు. నన్ను బోనెక్కించి దేవదానం గారి వకీలు రసీదు చూపించాడు.

"ఈ గుత్తి మా క్లయింటు ఆ రోజు మధ్యాహ్నం వేలంలో కొన్నది. నేరం జరిగింది పొద్దున. అంతకు ముందు గుత్తి ఎవరిదో మీరు విచారించారా?"

"లేదు. అడగనని మాట ఇచ్చాను."

"ఎవరికి?"

"దేవునికి."

వకీలు నవ్వాడు. డి.ఎస్.పి. గారు తల పట్టుకున్నారు. దేవదానం గారిని బయటపెట్టిన వేలమే ఆయనను కడిగి పంపింది. మద్దిలేటికి జరిమానా పడింది. ఎవరు కట్టారో అడగకండి; అడిగితే వాళ్లు కూడా కళ్లు మూసుకున్నామంటారు.

మాట తప్పి ఉంటే దేవదానం గారిని జైలుకు పంపగలిగేవాణ్నేమో. కానీ ఆ తర్వాత ఆ సంచిలో ఎవడైనా పిడికిలి తెరుస్తాడా? ఇంకో రోజు ఇంకో మూత కింద ఇంకొకడు ఉంటాడు. చట్టం పట్టుకోలేని పెద్దవాళ్లు మీకు చాలామంది తగులుతారు. కోపం రావాలి, వస్తుంది. ఆ కోపంలో మనిషిని తీసే తాడును తెంపుకోకండి.

ఆ సబ్‌మెరైన్ స్టేషను ఆవరణలో కొన్నాళ్లు తుప్పు పట్టింది. తర్వాత చక్రాలు వేయించుకుని మళ్లీ ట్యాంకరైంది. వేసవిలో ఇప్పటికీ సుంకమ్మ పేటకు వస్తుంది, తోలేది మద్దిలేటే. మూతకు తాళం లేదు. గొట్టం ముక్క మాత్రం అట్లాగే ఉంది, అందులో పిచ్చుకలు గూడు పెట్టాయి. దేవదానం గారు ఇప్పటికీ ముందు వరసలోనే కూర్చుంటారు. సంచి వచ్చినప్పుడు మాత్రం, ఆయన చేయి లోపల కాస్త ఎక్కువ సేపు ఉంటుంది. అక్కడ ఏం జరుగుతుందో నేను అడగను.

ఇప్పుడు నాతో కలిసి ప్రార్థన చేయండి. నీళ్లు లేని మా నేలను జ్ఞాపకం చేసుకొమ్మని అడుగుదాం. దుడ్ల కోసం ఇనుప డొక్కుల్లోకి దిగే మద్దిలేటిలను పైకి తెమ్మని అడుగుదాం. వాళ్ల మీద తాళం వేసి గుడికి వచ్చి కూర్చునే మా అందరి పిడికిళ్లు తెరవమని అడుగుదాం. కొత్తగా ఖాకీ వేసుకునే ఈ పిల్లలకు కేసు కంటే ముందు మనిషి కనబడేటట్టు చేయమని అడుగుదాం. మోకాళ్లూనండి, చేతులు జోడించండి. కళ్లు మాత్రం మూసుకోకండి. మన సంఘంలో కళ్లు మూసుకున్నవాళ్లు ఇప్పటికే చాలినంతమంది ఉన్నారు. ఆమేన్.